వాట్‌లో నూరోవంతు

పెళ్లి పందిరి పక్కన వేపచెట్టుకి కట్టిన మైక్‌సెట్టు హారన్ గుర్తుందా? రేకు గరాటా. పక్క ఊరికీ వినిపించేది, కిందకెళ్లి నిలబడితే చెవులు గింగురుమనేవి. ఆ గరాటానే నాజూగ్గా చేసి ఇంట్లో పాటలు వినేవాళ్లున్నారు. పాల్ క్లిప్ష్ అనే ఇంజనీరు 1946లో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రం, హోప్ పట్టణంలో మొదలుపెట్టిన కంపెనీ ఇలాంటి స్పీకర్లకు పెట్టింది పేరు. ఆయన క్లిప్ష్‌హార్న్‌ని గది మూలకి పెట్టాలి. ఆ రెండు గోడలే లోతైన స్వరాలు పలికే బేస్ హారన్‌కి కొనసాగింపు.

గాలి మరీ పల్చన. మామూలు స్పీకర్ కోను ఎంత ఊగినా దానికి పట్టు దొరకదు, కరెంటులో ఎక్కువ భాగం వేడిగా పోతుంది. సన్నగా మొదలై మెల్లగా వెడల్పయ్యే గొట్టాన్ని దాని ముందు పెడితే, శబ్దం పుట్టించే డ్రైవర్‌కి గాలి బరువు తగులుతుంది, చేసిన కష్టం శబ్దంగా బయటికొస్తుంది.

ఎంత తేడా? ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో మామూలు ఇంటి స్పీకర్ 88 డెసిబెల్స్ పలుకుతుందనుకుందాం. పెద్ద హారన్ 104 పలుకుతుంది. 16 డెసిబెల్స్ అంటే పవర్‌లో 40 రెట్లు! మూడు మీటర్ల అవతల కుర్చీలో కూర్చుని, కాస్త గట్టిగానే, 75 డెసిబెల్స్‌లో పాట వినాలన్నా ఆ హారన్‌కి వాట్‌లో నూరోవంతు చాలు. మరి 100 వాట్ల ఆంప్లిఫైయర్ కొన్నాయన దేనికి డబ్బు కట్టినట్టు?

అందుకే ఇక్కడ ఆంప్లిఫైయర్ గరిష్ఠంగా ఎన్ని వాట్లిస్తుందన్నది కాదు, ఆ నూరోవంతు దగ్గర ఎంత శుభ్రంగా ఉంటుందన్నది చూడాలి. పాట ఆపేసి, వాల్యూమ్ తగ్గించి, హారన్ మూతి దగ్గర చెవి పెట్టండి. సన్నగా బుస వినిపిస్తే అది ఆంప్లిఫైయర్ సొంత రొద. మామూలు స్పీకర్‌లో దాక్కున్న రొదే ఇక్కడ 16 డెసిబెల్స్ పెరిగి బయటపడుతుంది. రెండోది, చాలా ఆంప్లిఫైయర్లలో శబ్దపు అలలో పై సగాన్ని ఒక ట్రాన్సిస్టర్, కింది సగాన్ని ఇంకొకటి మోస్తాయి. చేతులు మారేచోట డిజైన్ సరిగా లేకపోతే చిన్న మెలిక పడుతుంది. శబ్దం చిన్నదైనకొద్దీ అందులో మెలిక వాటా పెద్దదవుతుంది. దాని నుంచి పుట్టే గరుకుతనం మన చెవి బాగా పట్టే 2,000–5,000 హెర్ట్జ్ ప్రాంతంలోనూ పడుతుంది. ‘ట్రెబుల్ (పై స్వరాలు) గుచ్చుకుంటోంది’ అనే ఫిర్యాదులో కొంత ఇదే.

దీనికి చాలామంది చెప్పే మందు, ట్రాన్సిస్టర్ల బదులు పాత రేడియోల్లోలా గాజు వాల్వులుండే వాల్వు ఆంప్లిఫైయర్. ఒక్క 300బీ రకం వాల్వుతో 8 వాట్లే వస్తాయి, హారన్‌కి అదే ఎక్కువ. కానీ వాల్వు అనగానే శబ్దం తీపి అనుకోవడం నాకు ఒప్పుదల లేదు. దాని అవుట్‌పుట్ ఇంపీడెన్స్, అంటే కరెంటు బయటికొచ్చే చోట అడ్డు, 3 ఓమ్‌లు ఉండొచ్చు. స్పీకర్ ఇంపీడెన్స్ ఏమో ఒక స్వరం దగ్గర 4, ఇంకో స్వరం దగ్గర 30 ఓమ్‌లు. అలాంటప్పుడు 30 ఓమ్‌ల స్వరం పైకి లేచి, ఆ రెండు స్వరాల మధ్య 4 డెసిబెల్స్ దాకా హెచ్చుతగ్గు వచ్చేస్తుంది. ఆ 30 ఓమ్‌ల గుట్ట సరిగ్గా గుచ్చుకునే చోటే ఉంటే, వాల్వు పెట్టాక ఇంకా గుచ్చుకుంటుంది.

అసలు ఆంప్లిఫైయర్ జోలికెళ్లే ముందు గది చూడాలి. మన ఇళ్లలో కింద టైల్స్, చుట్టూ నున్నటి గోడలు, కిటికీకి పల్చటి తెర. ఓ మిత్రుడు మూడో ఆంప్లిఫైయర్ కొనబోతుంటే ఆపి, కుర్చీకీ స్పీకర్లకీ మధ్య నేల మీద బొంత పరిచాం. స్పీకర్ల చూపు సూటిగా చెవుల మీద పడకుండా కొంచెం పక్కకి తిప్పాం. హారన్ పై స్వరాలను టార్చిలైటులా ఎదురుగానే కొడుతుంది కాబట్టి అలా తిప్పడంతోనే సగం గుచ్చుడు పోయింది.

మిగతా సగానికి హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ సామాను దొరికే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాం. పై స్వరాలు పలికే 8 ఓమ్‌ల ట్వీటర్‌ని 3 డెసిబెల్స్ తగ్గించడానికి వరసలో 2.3 ఓమ్ రెసిస్టర్, ట్వీటర్‌కి అడ్డంగా 19 ఓమ్‌ది కావాలి. సరిగ్గా అవే దొరకవు, 2.2, 18 అడిగితే ఇచ్చారు. పది వాట్ల తెల్ల సిమెంటు రెసిస్టర్లు, ఒక్కో స్పీకర్‌కి రెండు.