పిచ్చుక, గబ్బిలం: నన్ను తరచూ అడిగే ప్రశ్నలు

వల వేసి పట్టడం, తూచడం, మళ్ళీ దొరికితే గుర్తుపట్టేలా రింగు వేసి వదిలేయడం, ఇదీ నా పని. తెల్లవారుజామున పిచ్చుకలు, చీకటి పడ్డాక పిపిస్ట్రెల్ అనే చిన్న గబ్బిలాలు పడతాయి.

అపోహ: రెండూ ఎగిరేవే, రెక్క ఒకటే.

కాదు. పిచ్చుక రెక్కలోని వేళ్ళు కురచబడి అతుక్కుపోయాయి, ఎగిరే భారమంతా ఈకలదే. గబ్బిలం రెక్క అచ్చంగా చెయ్యి. దీపానికి అడ్డంగా మెల్లగా విప్పి పట్టుకుంటే నాలుగు పొడవాటి వేళ్ళు, మధ్యలో పల్చటి చర్మం, అందులో సన్నటి రక్తనాళాలు కనిపిస్తాయి, బొటనవేలు మాత్రం విడిగా పైన చిన్న కొక్కెంలా ఉంటుంది. అందుకే పిచ్చుకకి రింగు కాలికి వేసి పూర్తిగా మూసేస్తాం, గబ్బిలానికి ముంజేతికి వేసి కాస్త సందు వదులుతాం, లేకపోతే ఆ చర్మం చిరుగుతుంది. కొత్తలో ఒకసారి రింగు గట్టిగా నొక్కేశాను, అది విప్పేదాకా నాకు చెమటలే.

అపోహ: గబ్బిలమే పెద్దది.

తూకంలో పిపిస్ట్రెల్ సుమారు 5 గ్రాములు, పిచ్చుక 30 దాకా. రెక్కలు విప్పినప్పుడు చూసి మోసపోతాం, అంతే.

అపోహ: గబ్బిలం గుడ్డిది.

చూస్తుంది. దీని గురించి ఇంక చెప్పి చెప్పి అలసిపోయాను.

అపోహ: పిచ్చుక పాడే పక్షి కాదు, గబ్బిలం నోరే విప్పదు.

కిచకిచలు మన చెవికి పాటలా లేకపోయినా పిచ్చుక పాటపక్షుల వర్గంలోదే, ఎందుకంటే గాలిగొట్టం చీలే చోట దానికి ఆ వర్గానికి ఉండే స్వరయంత్రమే ఉంది. ఇక పిపిస్ట్రెల్ వేటాడినంతసేపూ అరుస్తూనే ఉంటుంది, కాకపోతే 45 కిలోహెర్ట్జ్ దగ్గర, మన చెవి 20 దగ్గరే ఆగిపోతుంది.

అపోహ: ఇంత చిన్న గబ్బిలం, రెండేళ్ళు బతికితే గొప్ప, పిల్లల్ని మాత్రం ఎలుకలా కంటుంది.

అందరూ తప్పేది ఇక్కడే. పిచ్చుక ఒక్క సీజన్‌లోనే రెండు మూడుసార్లు, ప్రతిసారీ నాలుగైదు గుడ్లు పెడుతుంది. పిపిస్ట్రెల్ మామూలుగా ఏడాదికి ఒక్క పిల్లని కని పాలు ఇస్తుంది, అది పుట్టేటప్పటికే తల్లి బరువులో నాలుగో వంతు ఉంటుంది, పైగా అంత బరువు కడుపులో మోస్తూనే తల్లి రాత్రంతా ఎగరాలి. ఇంత నిదానంగా కనే జీవి ఎక్కువ కాలం బతక్కపోతే జాతి నిలవదు. సైబీరియాలో రింగు వేసిన బ్రాండ్ట్ అనే జాతి గబ్బిలం ఒకటి 41 ఏళ్ళ తర్వాత మళ్ళీ దొరికింది. అదీ పిచ్చుకలో నాలుగో వంతు బరువుండే ప్రాణే.