మాయ పసుపు కవర్లోకి వెళ్లాక

కడుపులో బిడ్డ పోయిందని ఆసుపత్రి ముందు బంధువుల ఆందోళన, లోపల డాక్టర్ల వివరణ, సాయంత్రానికి పోలీసులు, రాజీ. జిల్లా పేజీల్లో ఈ వార్త మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. ‘వచ్చేసరికే గుండె చప్పుడు లేదు’ అంటారు వాళ్లు. ‘మొన్న స్కానింగ్‌లో బాగానే ఉందన్నారుగా’ అంటారు వీళ్లు. ఎవరి మాట నిజమో తేల్చడానికి ముందు చూడాల్సింది మాయను, అంటే కడుపులో బిడ్డను పోషించే ప్లాసెంటాను. గొడవ మొదలయ్యేసరికి అది పసుపు రంగు చెత్త కవర్లో పడి ఉంటుంది.

అసలు చిక్కు 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలో ఉంది. ఆ చట్టం మృత శిశువును ‘జననం’లో చేర్చింది. మరణమంటే మాత్రం ప్రాణంతో పుట్టాక పోవడమే. అంటే 28 వారాలు నిండాక కడుపులోనే పోయిన బిడ్డ కాగితాల మీద పుడుతుంది, చనిపోదు! ఆసుపత్రులు మరణ కారణం రాసే 4వ నంబరు ఫారం మీదే ‘మృత జననాలకు వాడరాదు’ అని అచ్చేశారు. 2023 సవరణతో ఆ పత్రం కాపీ దగ్గరి బంధువుకూ ఇవ్వాలన్నారు. ఈ తల్లిదండ్రులకు అదీ వర్తించదు.

దాంతో వాళ్ల చేతికి వచ్చేది ఒక్క మాట, ‘పేగు మెడకు చుట్టుకుంది’. బతికి పుట్టే పిల్లల్లోనూ చాలామందికి పేగు అలాగే చుట్టుకుని ఉంటుంది. అసలు కారణం తెలియాలంటే చేయాల్సినవి ఇవి: మాయను పాడవకుండా ఉంచే ఫార్మలిన్‌ ద్రావణంలో వేసి ల్యాబ్‌కు పంపడం, తల్లికి షుగరు, థైరాయిడ్, సిఫిలిస్, రక్తం గడ్డకట్టించే యాంటీబాడీల పరీక్షలు చేయించడం, ఒప్పుకుంటే బిడ్డకు శవపరీక్ష. కారణం దొరికితే వచ్చే కాన్పుకు మందుంటుంది. అన్ని పరీక్షలు చేసినా కొన్నిసార్లు ఏమీ తేలదు, అది వేరే సంగతి.

పొద్దుగూకేలోపు బిడ్డను తీసుకెళ్లిపోతామంటారని, శవపరీక్ష కోతకు ఒప్పుకోరని డాక్టర్లు చెబుతారు. నిజమే. కానీ మాయ సంగతి ఎంతమందిని అడిగారు?

తల్లిని పడుకోబెట్టేది బాలింతల వార్డులోనే. పక్క మంచం మీద పసిబిడ్డ ఏడుపు. మూడో రోజు ఆమెకూ పాలు పడతాయి. జాకెట్టు తడిసేదాకా ఆ సంగతి ముందుగా చెప్పినవాళ్లుండరు, పాలు ఆగడానికి మాత్ర ఉందని కూడా. ఆశ కార్యకర్త 3, 7, 14 రోజులంటూ ఇంటికొచ్చే లెక్కంతా నవజాత శిశువు పేరు మీద ఉంది. బిడ్డే లేకపోతే ఆ తల్లిని ఏ పేరున చూడాలి?

సెలవుదీ ఇదే వరస. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టంలో ‘బిడ్డ’ అంటే మృత శిశువు కూడా. అర్హత ఉంటే 2017 నుంచి 26 వారాలు; దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ 26 వారాలే. గర్భస్రావానికి ఇచ్చే 6 వారాలతో సరిపెడతామని హెచ్‌ఆర్ వాళ్లంటే మృత జననం గర్భస్రావం కాదని చెప్పండి. కేంద్రం 2022 సెప్టెంబరులో ఇలా బిడ్డ పోయిన తన మహిళా ఉద్యోగులకు 60 రోజుల ప్రత్యేక సెలవు ప్రకటిస్తే పెద్ద దయలా రాశారు. 26 వారాలంటే 182 రోజులు.

ఇలాంటి మరణాలను కారణాలతో సహా నమోదు చేసే నిఘా వ్యవస్థకు కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది, అదీ ఎంపిక చేసిన ఆసుపత్రులకు. మిగతా చోట్ల మృత జననాల 3వ నంబరు ఫారమే దిక్కు. అందులోనూ కారణానికి ఒక గడి ఉంది. ‘తెలిస్తే’ రాయమని.