మిల్లు మూతపడ్డాక సొంత పని

వరంగల్‌లో ఒకప్పుడు నికరమైన కొలువంటే ఆజంజాహి మిల్లే. నిజాం కాలంలో, 1934లో మొదలైన ఆ మిల్లు మూతపడ్డాక, దాన్ని నమ్ముకున్న ఇళ్లలో కిరాణం, ఆటో, కుట్టుపని, ఏది దొరికితే అది పట్టుకున్నారు. తమది వ్యాపారం చేసే స్వభావమా కాదా అని చూసుకుని దిగినవాళ్లు తక్కువ. అయినా ఏళ్లు గడిచాక చూస్తే కొందరు నిలబడ్డారు, కొందరు మళ్లీ నెల జీతానికి పోయారు. ఈ తేడా ఎక్కడిది?

ప్రశ్న పాతదే. సాధించాలన్న తపనే వ్యాపారానికి మూలమని 1961లో అమెరికా మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెలాండ్ రాశాడు. ఆ తపనను నేర్పొచ్చా అని ఆయన చూసింది మన కాకినాడ వ్యాపారుల మీదే. 1964లో వాళ్లకు హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో తరగతులు పెట్టారు. నేర్చుకుని వెళ్లినవాళ్లు తర్వాత వ్యాపారంలో ఎక్కువ చురుగ్గా కనిపించారు. 2006లో జావో, సైబర్ట్ అనే పరిశోధకులు పాత అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. మేనేజర్లతో పోలిస్తే సొంత వ్యాపారం చేసేవాళ్లకు పనిలో నిలకడ, కొత్తదనం మీద ఆసక్తి ఎక్కువ. టెన్షన్ పడటం, ఎదుటివాళ్లకు సర్దుకుపోవడం తక్కువ.

సర్దుకుపోవడం అనగానే నాకు కొత్తవాడ కిరాణం అన్న గుర్తొస్తాడు. మొదట దర్రీలు నేశాడు, తర్వాత ఆటో నడిపాడు, ఇప్పుడు కొట్టు. ఉద్దెర పుస్తకంలో ఇంటికో పేజీ. చావు జరిగిన ఇంటి పేజీకి క్లిప్పు పెట్టి, పెద్దకర్మ అయ్యేదాకా తెరవడు. ఆ తర్వాత తనే వెళ్లి బాకీ అడుగుతాడు. ఆయన్ని మెతక మనిషనాలా, గట్టి మనిషనాలా? స్వభావాన్ని కొలిచే ప్రశ్నల పట్టీతో తేలేది కాదు.

సిరిసిల్ల సంగతి ఇంకా వేరు. అక్కడ మరమగ్గాలున్న ఆసామి పేరుకే యజమాని. నూలు సేటుది, నేసిన బట్టా సేటుకే. ఆసామికి దక్కేది కూలి. అందులోంచే కార్మికుడికి ఇవ్వాలి, కరెంటు బిల్లు కట్టాలి. 2023-24 కేంద్ర కార్మిక సర్వే ప్రకారం దేశంలో పనిచేసేవాళ్లలో 58.4 శాతం స్వయం ఉపాధిలో ఉన్నారు. ఆ అంకెలో ఆసామీ, కిరాణం అన్నా, కొట్టులో జీతం లేకుండా కూర్చునే ఇల్లాలూ అందరూ ఒకటే. ఆర్డర్లు ఆగి మగ్గాలు నిలిచిన ఆసామిని పట్టుదల లేనివాడంటే నాకు కడుపు మండుతుంది. నూలే రాకపోతే ఆయన ఏం నేస్తాడు?