మహిషాక్షి ధూపం పుట్టిన ఎడారి

విజయనగరం గంటస్తంభం పరిసరాల్లోని పూజాద్రవ్యాల కొట్లలో మహిషాక్షి అడిగితే, మట్టిరంగులో అతుక్కుపోయిన జిగురు ముద్దలను తూచి పొట్లం కడతారు. సాయంత్రం దీపం పెట్టాక నిప్పుల మీద దానిని చల్లి, గదిగదికీ ధూపం చూపే అలవాటు మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. ఉత్తరాంధ్ర కొండల్లోని సాలవృక్షపు జిగురును మనం గుగ్గిలం అంటాం కనుక ఇదీ అదేనని పొరబడేవారున్నారు. మహిషాక్షి మాత్రం రాజస్థాన్, కచ్ఛ్, సింధ్ ప్రాంతాల ఎండునేలల్లో పెరిగే గుగ్గులు అనే ముళ్లపొద నుంచి వస్తుంది.

వాన అరుదైన చోట బెరడు చిట్లితే ఉన్న కాస్త తేమా ఆవిరవుతుంది, పురుగుకూ బూజుకూ దారి దొరుకుతుంది. అందుకే గాయమైన వెంటనే మొక్క చిక్కని జిగురును స్రవిస్తుంది. అందులోని తేలికపాటి తైలాలు కొంత గాలిలో కలిసిపోగా, మిగిలినది గట్టిపడి గాయాన్ని మూసివేస్తుంది. లోపల చిక్కుకుపోయిన తైలాలే నిప్పు సెగకు విడుదలై మన ముక్కును చేరుతాయి.

చూపు, వినికిడి వంటి ఇంద్రియజ్ఞానం మెదడులోని థాలమస్ అనే భాగం గుండా సాగుతుంది. వాసన సంకేతాలు మాత్రం ఆ మజిలీ లేకుండానే భావోద్వేగాలకు, జ్ఞాపకాలకు సంబంధించిన అమిగ్డలా తదితర భాగాలను చేరతాయి. ధూపం సోకగానే అమ్మమ్మ ఇంటి పంచ గుర్తుకు రావడం, మనసు నెమ్మదించడం ఇందువల్లనే కావచ్చు. ఆ నెమ్మదిలో ఏళ్ల తరబడి పెనవేసుకున్న అలవాటుకూ పెద్ద వాటా ఉందని నా నమ్మకం.

అయినా అంతా అలవాటేనని కొట్టివేయలేం. గుగ్గులు కుటుంబానికే చెందిన బోస్వెల్లియా జాతి చెట్లు ఒమన్, యెమెన్, సోమాలియా మెట్టభూముల్లో పెరుగుతాయి. వాటి జిగురులోని ఇన్సెన్సోల్ అసిటేట్ అనే పదార్థం ఎలుకల్లో ఆందోళనను తగ్గించిందని 2008లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. కణాల్లో సంకేతాలను అందుకునే టీఆర్‌పీవీ3 అనే గ్రాహకం లేని ఎలుకల్లో ఆ ఫలితం కనిపించలేదు గనుక, ప్రభావం ఏ దారిన కలుగుతుందో కూడా తెలిసింది. ఎలుకలకు ఇచ్చినది శుద్ధిచేసిన పదార్థమే గాని ధూపం కాదు. కనుక దీనిని మనుషులకు వైద్యంగా చెప్పడం తొందరపాటు. పొగలోని సూక్ష్మకణాలు ఊపిరితిత్తులకు మంచివి కావు, ఉబ్బసం ఉన్న ఇంట్లో కిటికీలు తెరిచే ధూపం వేయాలి.

నన్ను ఎక్కువగా బాధించేది గుగ్గులు పొద స్థితి. జిగురు త్వరగా, ఎక్కువగా కారాలని బెరడుకు లోతైన గాట్లు పెట్టి రసాయనాలు పూయడంతో పొదలు ఎండిపోతున్నాయి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం గుగ్గులును తీవ్రంగా అంతరించిపోయే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది. గాటు పెట్టదగినంతగా పొద ఎదగడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి, ఎండిపోయిన ఒక్కో పొద స్థానం అంత తేలికగా నిండదు.