బీఆర్టీఎస్ రోడ్డు తర్వాత రెండు రోజులు

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగుల జీతాలు సవరించే 12వ పీఆర్సీ 2023 జులై నుంచి రావాల్సింది. ఇప్పుడు గొడవంతా దాని మీదే కాబట్టి టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ 'చలో విజయవాడ' మాట, దాంతోపాటు ఆ పాత ఫొటో తిరుగుతున్నాయి. 2022 ఫిబ్రవరి 3, 11వ పీఆర్సీ మీద ఉద్యోగులు, టీచర్లు చేసిన 'చలో విజయవాడ', విజయవాడ బీఆర్టీఎస్ రోడ్డు, ఎటు చూసినా తలలే. ఫొటో చూసిన ప్రతివాళ్లూ 'ఇంకోసారి ఇలా కదిలితే చాలు' అంటున్నారు. ఆ తర్వాత రెండు రోజులకు ఏం జరిగిందో ఎవరూ చెప్పడం లేదు, నా లెక్కలో అసలు కథ అక్కడుంది.

ఆ పీఆర్సీలో ఫిట్‌మెంట్, అంటే మూలవేతనం మీద పెంపు, 23 శాతం; అప్పటికే చేతికొస్తున్న ఐఆర్ (మధ్యంతర భృతి) 27 శాతం; హెచ్ఆర్ఏలో (ఇంటి అద్దె భత్యంలో) కోత. 'రివర్స్ పీఆర్సీ' అన్న పేరు ఎందుకొచ్చిందో అందరికీ తెలుసు. 2022 జనవరి 17 రాత్రి జీవోలు వచ్చాయి. మా వీధిలో ఉండే ఒక టీచరుగారు మర్నాడు పొద్దున తన ఫోన్ చూపించారు: పాత జీతం, కొత్త జీతం పక్కపక్కన తెల్లకాగితం మీద పెన్నుతో రాసి తీసిన ఫొటో, కింద తేడా ఎర్ర ఇంకుతో. ఏ సంఘమూ వేసిన కరపత్రం కాదది, ఎవరో ఒక లెక్కల మాస్టారు వేసిన లెక్క. అప్పట్లో గ్రూపుకి 256 మందే పరిమితి, అందుకని మండలానికో గ్రూపు, అది నిండితే ఇంకోటి. ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయిన మెసేజ్‌ని వాట్సాప్ ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తుంది కాబట్టి జనం దాన్ని స్టేటస్‌లో పెట్టుకున్నారు. సంఘం సర్క్యులర్ వచ్చేసరికి కింది ఉద్యోగి ముందే నిర్ణయానికి వచ్చేశాడు.

కోవిడ్ పేరు చెప్పి 'చలో విజయవాడ'కి పోలీసులు అనుమతి ఇవ్వలేదు. టోల్‌గేట్ల దగ్గర, స్టేషన్లో, బస్టాండులో తనిఖీలు, నాయకుల ఇళ్ల ముందు కానిస్టేబుళ్లు. అయినా రాత్రికి రాత్రే బయల్దేరి, కూలీలమనీ పెళ్లికి పోతున్నామనీ చెప్పి, బైకుల మీద అడ్డదారుల్లో వచ్చినవాళ్లు ఎందరో. ఏ దారిలో ఆపుతున్నారో ముందు వచ్చినవాళ్లు వెనకవాళ్లకి ఫోన్లో చెబుతూ వచ్చారు. ఫిబ్రవరి 15న రాష్ట్ర పోలీసు బాస్ డీజీపీ మారారు, దానికీ దీనికీ ముడిపెట్టని ఉద్యోగి లేడు.

ఫిబ్రవరి 5 రాత్రి మంత్రుల కమిటీతో చర్చలు ముగిశాయి. ఎక్కువ ఇచ్చామంటూ ఐఆర్‌ని వెనక్కి రాబట్టడం ఆగింది, హెచ్ఆర్ఏ కొంత పెరిగింది, సీసీఏ (నగర భత్యం) తిరిగొచ్చింది. ఫిట్‌మెంట్ మాత్రం 23 దగ్గరే ఉంది. తలపెట్టిన సమ్మె విరమించారు, మర్నాడు నాయకులు ముఖ్యమంత్రిని కలిసి కృతజ్ఞతలు చెప్పారు. ఖజానా పరిస్థితిలో ఇంతకన్నా కుదరదని ప్రభుత్వం అంది, దొరికిన కాడికి సాధించామని, సంఘాలన్నీ కలిసి పెట్టుకున్న పీఆర్సీ సాధన సమితి నాయకులు అన్నారు.

టీచర్లు ఒప్పుకోలేదు. కృతజ్ఞతలు చెప్పిన ఫొటో, బీఆర్టీఎస్ ఫొటో పక్కపక్కన పెట్టి రాత్రంతా పంచుకున్నారు. 'మేం దెబ్బలు తినడానికి సిద్ధపడి వచ్చాం, మమ్మల్ని అడక్కుండా సంతకం ఎలా పెడతారు' అన్నదే వాళ్ల ప్రశ్న, అందులో తప్పేముందో నాకిప్పటికీ అర్థం కాదు. ఉపాధ్యాయ సంఘాలు ఆ ఒప్పందం తమకు సమ్మతం కాదని విడిపోయాయి. అన్ని సంఘాలూ ఒక్క గొడుగు కిందికి వచ్చింది నెల రోజులు కూడా నిలవలేదు. రోడ్డు మీదికి లక్షల మెసేజ్‌లు జనాన్ని తెచ్చాయి కానీ చర్చల గదిలోకి వాళ్ల మాట తీసుకెళ్లే దారి ఎవరూ వేయలేదు.

మెసేజ్‌లు జనాన్ని ఎలా కదిలిస్తాయన్న పాఠం పోలీసులే ముందు నేర్చుకున్నారు. అదే ఏడాది సెప్టెంబరు 1న సీపీఎస్ (ఉద్యోగుల జీతం నుంచి వాటా కోసే పింఛను పథకం) రద్దు కోసం మిలియన్ మార్చ్ అనుకుంటే రోజుల ముందే నోటీసులు, బైండోవర్లు (గొడవ చేయమని పూచీకత్తు రాయించుకోవడాలు) మొదలయ్యాయి. కార్యక్రమం వాయిదా పడింది. గ్రూపుల్లో తేదీ పెట్టగానే స్టేషన్‌కీ తెలిసిపోతోందన్న భయం అప్పుడు పట్టుకుంది, చాలామంది గ్రూపుల నుంచి బయటికొచ్చేశారు.

ప్రభుత్వం మారింది, అడిగేవాళ్లు మారలేదు. ఈసారి గ్రూపుల్లో తేదీ కన్నా ముందు ఒక షరతు కనిపిస్తోంది: ఒప్పందం కాగితం సంతకానికి ముందు గ్రూపులో పెట్టాలి, మండలాల వారీగా అభిప్రాయం తీసుకోవాలి. మా టీచరుగారు ఆ మెసేజ్‌నే స్టేటస్‌లో పెట్టుకున్నారు. పాత ఫొటో పెట్టలేదు.