తెలుగు మీడియం, ఇంగ్లీషు పేపరు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

విశాఖ ద్వారకానగర్‌లో ఏ సందులోకి తిరిగినా ఒక కోచింగ్ బోర్డు కనిపిస్తుంది. అలాంటి ఒక బోర్డు వెనక, మూడో అంతస్తులో, పద్నాలుగేళ్లుగా పోటీ పరీక్షల పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం, నర్సీపట్నం, పాడేరు వైపు వాళ్లు. లెక్కలూ రీజనింగూ చకచకా చేసేస్తారు. ఇంగ్లీషు దగ్గరికొచ్చేసరికి టెన్షన్. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ మొదటి దశ పరీక్ష, టైర్-1లో వంద ప్రశ్నలుంటే 25 ఇంగ్లీషువే. బ్యాంకు ఆఫీసరు ఉద్యోగాల ఐబీపీఎస్ పీఓ ప్రిలిమ్స్‌లో 30 ఇంగ్లీషు ప్రశ్నలకు ఇచ్చేది 20 నిమిషాలు. వాటిలో తప్పులు పట్టమనే ప్రశ్నలన్నా, ఇడియమ్స్ అన్నా మరీ బెదురు. ఆ బెదురులో సగం వాళ్లూ వీళ్లూ చెప్పిన మాటల వల్ల వచ్చిందే.

అపోహ: తెలుగులో ఆలోచిస్తే ఇంగ్లీషు రాదు.

ఈ మాట నేనూ చాలాకాలం చెప్పాను. ఎందుకు మానేశానో చెబుతాను. ఒకసారి మాక్ టెస్టులో ‘షి ఈజ్ వన్ ఆఫ్ ది టీచర్స్ హూ కమ్స్ ఎర్లీ’ అనే వాక్యం ఇచ్చి, జవాబు ‘నో ఎర్రర్’ అని కీలో పెట్టాను. ‘వన్’ ఉంది కదా, ‘కమ్స్’ సరిపోయిందిలే అనుకున్నాను. క్లాసయ్యాక ఒకమ్మాయి పేపరు పట్టుకుని నా టేబుల్ దగ్గర నిలబడింది. ఇంటర్ దాకా తెలుగు మీడియమే.

“మేడమ్, దీన్ని తెలుగులో అనుకుని చూశానండి. ‘తొందరగా వచ్చే టీచర్లలో ఆమె ఒకరు.’ ఇక్కడ వచ్చేది టీచర్లు కదండీ? మరి ‘కమ్’ ఉండాలి కదా?”

నేను నీళ్లు నమిలాను. రేపు చెబుతానని పంపించి, ఇంటికెళ్లి గ్రామర్ పుస్తకం తిరగేశాను. ఆ పిల్ల చెప్పిందే రైటు. ఆ ‘హూ’ అనేది ‘వన్’ది కాదు, ‘టీచర్స్’ది. మర్నాడు కీ మార్చి అందరి మార్కులూ సరిచేశాను.

అప్పట్నుంచి కర్త ఏదో తేలనప్పుడు తెలుగులోకి తిప్పి చూడమనే చెబుతున్నాను. ‘ది క్వాలిటీ ఆఫ్ ది మ్యాంగోస్ వర్ నాట్ గుడ్’ అన్నది తీసుకోండి. ఇంగ్లీషులో క్రియకు ఆనుకుని ‘మ్యాంగోస్’ ఉంది కాబట్టి ‘వర్’ బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. అదే తెలుగులో అనండి: ‘మామిడిపళ్ల నాణ్యత బాగోలేదు.’ బాగోలేనిది నాణ్యత. అది ఒక్కటే. కాబట్టి ‘వాజ్’. ఇంగ్లీషులో ఎక్కడో ముందు ఉండిపోయే అసలు నామవాచకాన్ని తెలుగు వాక్యం తెచ్చి క్రియ పక్కన కూర్చోబెడుతుంది. ఇంత మంచి పనిముట్టు ఇంట్లోనే ఉండగా పక్కన పడెయ్యమనడం నా తెలివితక్కువ.

అయితే ఇదే తెలుగు కొన్నిచోట్ల కాలికి అడ్డం పడుతుంది. అవి ఎక్కడెక్కడో తెలిస్తే చాలు. ‘గురించి చర్చించాం’ అంటాం కాబట్టి ‘డిస్కస్’ తర్వాత ‘అబౌట్’ తగిలిస్తాం. అక్కర్లేదు. ‘పేదవాడే అయినా, కానీ నిజాయితీపరుడు’ అని మాట్లాడేటప్పుడు రెండూ వాడేస్తాం కాబట్టి ‘ఆల్దో’ పెట్టాక ‘బట్’ కూడా పెడతాం. ఒకటే ఉండాలి. ‘కంటే’ అనగానే ‘దాన్’ వచ్చేస్తుంది, కానీ ‘సీనియర్’, ‘సుపీరియర్’ల పక్కన ‘టు’ రావాలి.

అన్నిటికంటే ఎక్కువ మార్కులు తినేది ‘నుంచి’. ‘ఐదేళ్ల నుంచి వైజాగ్‌లో ఉంటున్నాను’ అన్నదాన్ని ‘ఐ యామ్ స్టేయింగ్ ఇన్ వైజాగ్ సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అని రాస్తారు. అందులో రెండు తప్పులు. ‘హావ్ బీన్ స్టేయింగ్’ ఉండాలి, ‘సిన్స్’ బదులు ‘ఫర్’ ఉండాలి. దీనికీ తెలుగులోనే చిట్కా ఉంది. ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడండి. ‘ఐదేళ్లుగా’ అనొచ్చు, కాబట్టి ‘ఫర్’. ‘2020గా’ అనలేం, కాబట్టి ‘సిన్స్’. ఇది బోర్డు మీద రాసిన రోజున ఒక కుర్రాడు, నూట పాతిక రూల్స్ ఎక్కించుకున్న తన నోట్సు మూసేసి, “ఇది ముందే చెప్పొచ్చు కదా మేడమ్” అన్నాడు.

అపోహ: చదివితే చెవికి బాగుంటే వాక్యం కరెక్టే.

మన చెవి రోజూ వినేది ‘రిటర్న్ బ్యాక్’, ‘కోప్ అప్ విత్’, ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’. ఆఫీసుల్లో, టీవీల్లో, మా స్టాఫ్ రూములో కూడా. ఆ చెవికి ఇవన్నీ ఒప్పులాగే వినిపిస్తాయి. పరీక్షలో మూడూ తప్పే. ఇంగ్లీషు గడగడా మాట్లాడేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు, ఎందుకంటే వాళ్లు ఆగి చూడరు. అలాగని మనవాళ్లు వాడే ప్రతి మాటా తప్పనుకోకండి. ‘ప్రీపోన్’ అంటే కొందరు నవ్వుతారు గానీ అది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ఉంది.

చెవి మోసం చేసే ఇంకో చోటు ‘ఎ’, ‘యాన్’. అచ్చు అక్షరం ముందు ‘యాన్’ అని బడిలో నేర్పుతారు. చూడాల్సింది అక్షరం కాదు, శబ్దం. ‘యూనివర్సిటీ’ ‘య’తో మొదలవుతుంది కాబట్టి ‘ఎ యూనివర్సిటీ’. ‘ఆర్టీసీ’ ‘ఆ’తో మొదలవుతుంది కాబట్టి ‘యాన్ ఆర్టీసీ బస్’. సరే, మన రిఫైనరీ హెచ్‌పీసీఎల్ ముందు ఏం పెడతారు? మనం ‘హెచ్’ అంటాం కాబట్టి ‘ఎ’ అని రాస్తాం. ఆ అక్షరాన్ని ప్రామాణిక ఇంగ్లీషులో ‘ఎయిచ్’ అని పలుకుతారు, కాబట్టి కీలో ‘యాన్ హెచ్‌పీసీఎల్ ఎంప్లాయీ’ అనే ఉంటుంది.

అపోహ: వాక్యం చివర ప్రిపొజిషన్ రాకూడదు.

1672లో జాన్ డ్రైడెన్ అనే కవి, తనకంటే ముందుతరం రచయిత బెన్ జాన్సన్ వాక్యాల్లో దీన్ని తప్పుపట్టాడు. అప్పట్నుంచి పంతుళ్లు పట్టుకు వేలాడుతున్నారు. ‘హూ ఆర్ యూ వెయిటింగ్ ఫర్’ శుభ్రమైన ఇంగ్లీషు. నిజానికి అక్కడ ‘ఫర్’ తీసేస్తేనే తప్పు.

అపోహ: ఐదు వందల ఇడియమ్స్ బట్టీ పడితే ఆ ప్రశ్నలన్నీ వచ్చేస్తాయి.

ద్వారకానగర్ లైబ్రరీ మెట్ల మీద ఈ జాబితాలు పట్టుకుని కూర్చున్న పిల్లల్ని చూస్తే జాలేస్తుంది. శనివారం చదివింది సోమవారానికి ఉండదు. బొమ్మ కట్టకుండా ఇడియం నిలవదు. విశాఖ పిల్లలకైతే బొమ్మలు కళ్ల ముందే ఉన్నాయి, ఎందుకంటే ఇంగ్లీషు ఇడియమ్స్‌లో చాలానే ఓడలవాళ్లు వాడిన మాటలు.

బీచ్ రోడ్డులో నిలబడి సముద్రం వైపు చూడండి. పోర్టులో బెర్తు కోసం దూరంగా లంగరేసుకున్న ఓడలు కనిపిస్తాయి. ఒడ్డు నుంచి కనబడే ఆ దూరపు సముద్రాన్నే ‘ఆఫింగ్’ అంటారు. అక్కడ ఓడ కనిపించిందంటే ఇంకాసేపట్లో వచ్చేస్తుందని. ‘ఇన్ ది ఆఫింగ్’ అంటే త్వరలో జరగబోతున్నది. 2020 అక్టోబరులో వాయుగుండానికి కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డున చిక్కుకున్న బంగ్లాదేశ్ ఓడ ‘ఎంవీ మా’ గుర్తుందా? అది చూడ్డానికి వెళ్లి ఫొటో దిగనివాళ్లు నా క్లాసులో లేరు. ‘హై అండ్ డ్రై’ అంటే అదే, దిక్కులేకుండా ఒడ్డున పడి ఉండటం. ‘ఆల్ ఎట్ సీ’ అంటే దారీతెన్నూ తెలియని అయోమయం. ‘లెర్న్ ది రోప్స్’ అంటే పని కిటుకులు నేర్చుకోవడం. తెరచాప ఓడలో ఏ తాడు దేనికో తెలియాలి మరి. ఫిషింగ్ హార్బర్ నుంచి వచ్చే ఒక విద్యార్థికి ఇది చెబితే, “మా నాన్న నాకు ముందు నేర్పింది తాళ్లేనండి” అన్నాడు.

సముద్రానికి అందనివాటికి మన జాతీయాలు ఉన్నాయి. ‘సిట్ ఆన్ ది ఫెన్స్’ అంటే గోడమీద పిల్లి. ‘టేక్ టు వన్స్ హీల్స్’ అంటే కాలికి బుద్ధి చెప్పడం. ‘వెట్ బ్లాంకెట్’ను నేను పానకంలో పుడకతో గుర్తుపెట్టుకోమంటాను. ‘పే త్రూ ది నోస్’, అంటే విపరీతమైన ధర కట్టడం, అయితే మరీ తమాషా: వాళ్లు ముక్కులోంచి కడతారు, మనం ముక్కుపిండి వసూలు చేస్తాం. అన్నీ ఇలా కలవవు. ‘హ్యాండ్ ఇన్ గ్లవ్’ అంటే గాఢస్నేహం అని పెట్టేస్తారు. పరీక్షల్లో అది ఎక్కువగా వచ్చేది కుమ్మక్కు అనే అర్థంలో. మాటకు మాట అర్థం చెప్పే ఆప్షన్ ఒకటి దాదాపు ప్రతి ప్రశ్నలోనూ ఉంటుంది. అది మీ కోసం పెట్టిన ఎర.

ఇంకో సంగతి, ఇడియం రూపం మారదు. ‘లీవ్ నో స్టోన్ అన్‌టర్న్‌డ్’లో ‘స్టోన్స్’ అని ఇచ్చి తప్పు పట్టమంటారు.

అపోహ: ‘నో ఎర్రర్’ ఎప్పుడూ జవాబు కాదు.

అవుతుంది. పెట్టాలంటే చెయ్యి రాదు, అంతే. తప్పు ఎక్కడో ఉండే ఉంటుందని వెతికి వెతికి బాగున్నదాన్ని పాడుచేస్తారు. సీజీఎల్ టైర్-1లో తప్పు జవాబుకి కోసే అర మార్కుకి తోడు రావాల్సిన రెండు మార్కులూ పోతాయి. క్రియ, దాని కర్త, కాలం, ప్రిపొజిషన్, ఆర్టికల్ ఒక్కసారి చూసుకోండి, ఏదీ దొరక్కపోతే పెట్టేసి ముందుకెళ్లండి. మొన్న మాక్‌లో ‘ది న్యూస్ ఫ్రమ్ ది పోర్ట్ ఈజ్ గుడ్’ అని ఇస్తే క్లాసులో సగం మంది ‘ఈజ్’ కింద గీత గీశారు. ఎందుకర్రా అని అడిగితే “చివర ఎస్ ఉంది కదా మేడమ్” అన్నారు. న్యూస్ ఏకవచనం.