చెత్తకుండీ ఎవరి గోడ పక్కన: ఒక పాత తగాదా నేపథ్యం

వీధిలో చెత్తకుండీ ఉండాలన్న విషయంలో ఎవరికీ పేచీ ఉండదు. అది ఎవరి గేటు పక్కన, ఎవరి ప్రహరీకి ఆనుకొని, ఎవరి కిటికీ కింద ఉండాలన్న దగ్గరే ఇరుగుపొరుగు మధ్య మాట పెరుగుతుంది. కొందరు రాత్రికి రాత్రి కుండీని పక్కింటి హద్దులోకి జరుపుతారు, కొందరు స్థానిక సంస్థకు అర్జీ పెట్టుకుంటారు, ఓపిక, స్తోమత ఉన్నవాళ్లు కోర్టు దాకా వెళతారు. అందరికీ కుండీ కావాలి, ఎవరి ఇంటి ముందూ వద్దు అని ఈ తగాదాలను స్వార్థం కింద జమకట్టేయడం మనకు అలవాటైపోయింది. ఆ తీర్పు తొందరపాటుదని నా అభిప్రాయం. కుండీ వీధిలోకి ఎలా వచ్చిందో, దాని చోటును ఎవరు ఏ లెక్కన నిర్ణయిస్తూ వచ్చారో వరుసగా చూస్తే, పైకి చోటు గురించిన పోట్లాటగా కనిపించేది చాలా సందర్భాల్లో వేరే ఫిర్యాదు అని తెలుస్తుంది. కుండీని వేళకు ఖాళీ చేయకపోవడం, దాని చుట్టూ ఉన్న నాలుగడుగుల నేలకు జవాబుదారీ ఎవరో తేలకపోవడం అనే రెండు విషయాలే ఆ ఫిర్యాదుకు మూలం.

కుండీలు లేని కాలంలో వీధులు ప్రశాంతంగా ఉండేవని అనుకోనక్కరలేదు. 19వ శతాబ్దపు పారిస్‌లో ఇళ్లలోని చెత్తను వీధిలోనే కుప్పలుగా పోసేవారు. చేతిలో లాంతరు, కొక్కెం, వీపున బుట్టతో చెత్త ఏరుకునేవాళ్లు రాత్రిపూట ఆ కుప్పలు కదిపి గుడ్డపీలికలు, ఎముకలు, కాగితాలు, లోహపు ముక్కలు ఏరుకుంటే, మిగిలినదాన్ని తెల్లవారాక బండ్లు ఎత్తుకుపోయేవి. 1832లో ఆ నగరాన్ని కలరా కుదిపేసింది. చెడ్డ గాలే, అంటే దుర్గంధమే, రోగాన్ని మోసుకొస్తుందని వైద్యులు కూడా నమ్మిన ఆ రోజుల్లో ఇంటి ముందు చెత్తకుప్ప ఉంటే కలిగేది అసహ్యం ఒక్కటే కాదు, ప్రాణభయం కూడా. సూక్ష్మక్రిముల సంగతి తెలిసి ఆ నమ్మకం శాస్త్రంలో చెల్లకుండా పోయింది గానీ, కుండీ దగ్గర వాసన వస్తే పిల్లలకు జబ్బు చేస్తుందేమోనన్న తల్లిదండ్రుల బెంగలో అది ఇప్పటికీ బతికే ఉంది. ఆ బెంగను మూఢనమ్మకమని కొట్టిపారేయలేం, ఎందుకంటే ఈగలు, ఎలుకలు చేరే చోట జబ్బు భయం నిజమైనదే.

పారిస్ నగరం ఉన్న సెన్ ప్రాంతానికి ప్రిఫెక్ట్‌గా, అంటే ప్రభుత్వం నియమించిన పాలనాధికారిగా ఉన్న యూజీన్ పూబెల్ 1883 నవంబర్ 24న ఒక ఉత్తర్వు ఇచ్చాడు. అది 1884 జనవరి 15 నుంచి అమలులోకి వచ్చింది. ప్రతి ఇంటి యజమానీ తన భవనంలో ఉండేవారికి మూత ఉన్న పెట్టెలు సమకూర్చాలి, వాటి పరిమాణం 40 నుంచి 120 లీటర్ల మధ్య ఉండాలి, కుళ్లేవాటికి ఒకటి, కాగితాలకూ గుడ్డలకూ ఒకటి, గాజు, పింగాణీ ముక్కలు, ఆల్చిప్పలకు మరొకటి చొప్పున మూడు విడివిడిగా పెట్టాలి. ఖర్చు తమ నెత్తిన పడిందని ఇంటి యజమానులు మండిపడ్డారు, పని పెరిగిందని భవనాల కాపలాదారులు విసుక్కున్నారు, నోటి దగ్గరి కూడు పోతోందని చెత్త ఏరుకునేవాళ్లు గగ్గోలు పెట్టారు. చివరికి 1884లోనే కొంత సడలింపు వచ్చి, నేల మీద గుడ్డ పరిచి పెట్టెను దానిపై గుమ్మరించి ఏరుకోవడానికి వాళ్లకు అనుమతి దొరికింది. మన విషయానికి పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. ఆ పెట్టె ఫలానా ఇంటిదని అందరికీ తెలుసు. బండి వచ్చే వేళకు దాన్ని బయట పెట్టి, బండి వెళ్లాక లోపలికి తీసుకోవాలి. ఎవరి పెట్టె వాళ్ల వాకిట్లో కాసేపే ఉండేది కాబట్టి, చోటు గురించి తగాదా పడడానికి పెద్దగా అవకాశం ఉండేది కాదు.

అదే కాలంలో ఇంగ్లండ్‌లో 1875 నాటి ప్రజారోగ్య చట్టం ఇంటి చెత్త తొలగింపును స్థానిక సంస్థల పనుల్లో చేర్చింది. న్యూయార్క్‌లో 1895లో వీధుల శుభ్రత శాఖను చేపట్టిన జార్జ్ వేరింగ్ పనివాళ్లకు తెల్లని దుస్తులు వేయించి, ఊడ్చే పనికి ఒక గౌరవం తెచ్చి, ఇంటి దగ్గరే చెత్తను వేరుచేసే పద్ధతి పెట్టాడు. ఈ ఏర్పాట్లన్నింటిలో చెత్త ఇంటి నుంచి నేరుగా బండిలోకి చేరేది, మధ్యలో వీధి మీద శాశ్వతంగా నిలిచి ఉండే ఉమ్మడి పెట్టె లేదు.

ఆ ఉమ్మడి పెట్టె ఊపందుకున్నది యంత్రాలతో. అమెరికాలోని నాక్స్‌విల్‌లో జార్జ్ డెంప్‌స్టర్, ఆయన సోదరులు 1930లలో పెద్ద ఇనుప పెట్టెను లారీయే యంత్రంతో ఎత్తుకునే ఏర్పాటు తయారుచేశారు. భుజాల మీద బుట్టలు మోసే చాకిరీ తగ్గింది, ఒక్క డ్రైవరు చాలామంది పని చేయగలిగాడు. అయితే యంత్రం మాత్రమే ఎత్తగల పెట్టెను యంత్రం చేరగల చోటే పెట్టాలి. పైన కరెంటు తీగలు ఉండకూడదు, కొమ్మలు అడ్డు రాకూడదు, లారీ తిరగడానికి జాగా కావాలి, అక్కడ ఎవరూ వాహనాలు నిలపకూడదు. ఈ షరతులన్నీ కలిసొచ్చేది సాధారణంగా వీధి మలుపులోని ఇంటి దగ్గరో, రోడ్డు కాస్త వెడల్పుగా ఉన్న చోటో. అందువల్ల ఒకే ఇంటివాళ్లు వీధి మొత్తం చెత్తకు ఏళ్ల తరబడి కాపలా కాయవలసి వస్తుంది. చోటు ఎంపికలో లారీ అవసరానికి దక్కిన విలువ ఆ ఇంటివాళ్ల మాటకు దక్కలేదు. నా దృష్టిలో ఇరుగుపొరుగు తగాదాకు పునాది పడింది ఇక్కడే.

ఆ ఇంటివాళ్లు రోజూ చూసేదేమిటో దగ్గర నుంచి చూడాలి. మూత పిడికి జిడ్డు అంటుకొని ఉంటుంది కాబట్టి, వచ్చినవాళ్లు దాన్ని ముట్టుకోవడానికి ఇష్టపడక సంచిని కుండీ పక్కనే వదిలిపెడతారు. లోపల సగం ఖాళీ ఉన్నా, పక్కన ఒక సంచి కనిపించేసరికి తరువాత వచ్చినవాళ్లు నిండిపోయిందనుకొని తమ సంచినీ అక్కడే పెడతారు. కుక్కలు వాటిని చింపుతాయి. కుండీ అడుగున తుప్పు పట్టిన చోటు నుంచి నల్లటి నీరు కారి గోడ మొదలు దాకా చార కడుతుంది, కడిగినా ఆ మరక పోదు. చీకటితోనే వచ్చిన లారీ వెనక్కి వస్తూ చేసే కూత, ఇనుము ఇనుముకు తగిలే మోత ముందుగా చేరేది ఆ ఇంటి పడకగదికే. ఇన్ని భరించేవాళ్లు కుండీని ఇక్కడి నుంచి తీయండని అడిగితే, దాన్ని ఓర్వలేనితనం అనడం న్యాయం కాదు.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఒకసారి వాడి పారేసే సీసాలు, డబ్బాలు, పొట్లాలు వెల్లువెత్తడంతో ఇంటి చెత్తకు తోడు దారిన పోయేవారి చెత్త పెద్ద సమస్య అయింది. బ్రిటన్‌లో మహిళా సంఘాల సమాఖ్య 1954లో దేశాన్ని శుభ్రంగా ఉంచాలని తీర్మానం చేసి ఉద్యమానికి నాంది పలికింది. 1958లో వచ్చిన చట్టం బహిరంగ స్థలంలో చెత్త వేసినవారికి 10 పౌండ్ల దాకా జరిమానా విధించింది. జరిమానా వేసేటప్పుడు వేయడానికి చోటు కూడా చూపించాలి గనుక వీధి కుండీల అవసరం పెరిగింది. 1983 నాటి చట్టంలో ఈ కథనానికి ప్రాణం లాంటి ఒక నిబంధన ఉంది. దాని ప్రకారం కుండీ పెట్టడం స్థానిక సంస్థ ఇష్టం, కానీ పెట్టాక దాన్ని క్రమం తప్పకుండా ఖాళీ చేసి శుభ్రపరచడం దాని విధి. అది కూడా ఏదో ఒక వేళకు చేస్తే చాలదు. ఆ కుండీ గానీ అందులోని చెత్త గానీ చుట్టుపక్కలవారికి ఇబ్బందిగా మారకుండా, సహేతుకమైన ఫిర్యాదుకు తావివ్వకుండా ఉండేంత తరచుగా చేయాలి. భారతదేశంలో 2000 సంవత్సరపు మునిసిపల్ ఘన వ్యర్థాల నియమాలు కూడా ఇదే దారిలో నడిచాయి. ఆ ప్రాంతంలో పుట్టే చెత్తనూ జనసాంద్రతనూ లెక్కలోకి తీసుకొని, జనానికి అందుబాటులో ఉండేలా కుండీలు పెట్టాలనీ, రోజూ వాటిని చూసుకోవాలనీ, ఎక్కడ పెట్టిన కుండీనైనా పొంగిపొర్లకముందే శుభ్రం చేయాలనీ అవి చెప్పాయి. రాసినవి రాసినట్టు అమలైతే, ఫలానా చోట కుండీ వద్దనడానికి ఉన్న కారణాల్లో సగానికి పైగా మిగిలేవి కావని నేను నమ్ముతున్నాను.

అయితే చోటుకు విలువే లేదని కూడా అనలేం. అమెరికాలో 130 బహిరంగ స్థలాల్లో జనం చెత్తను ఎలా పారేస్తున్నారో గమనించి 2009లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, పారేసినవాటిలో 17 శాతం కుండీలోకి చేరలేదు. చెత్త కింద పడిన సందర్భాల్లో దగ్గరి కుండీకి ఉన్న సగటు దూరం 29 అడుగులు, అంటే సుమారు 9 మీటర్లు మాత్రమే. దూరం పెరిగే కొద్దీ కింద పడేయడం కూడా పెరిగింది. గేటు పక్క నుంచి కుండీని మరో నాలుగిళ్ల అవతలికి జరపమని అడిగేవాళ్లూ, జరిపితే దారంతా చెత్త పడుతుందని వాదించేవాళ్లూ ఇద్దరూ నిజమే చెబుతున్నారని దీన్నిబట్టి తెలుస్తుంది. 2008లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో జరిగిన ప్రయోగం మరో కోణం చూపింది. సైకిళ్ల హ్యాండిళ్లకు ప్రకటన కాగితాలు తగిలించి చూస్తే, పక్కనున్న గోడ శుభ్రంగా ఉన్నప్పుడు వాటిని కింద పడేసినవారు 33 శాతం. అదే గోడ మీద పిచ్చి రాతలు రాసి ఉన్నప్పుడు 69 శాతం. కుండీ పక్కన పడిన మొదటి సంచి తరువాతి సంచులను ఎందుకు పిలుస్తుందో చెప్పడానికి ఇంతకన్నా వివరణ అక్కరలేదు.

అసలు కుండీలే తీసేస్తే పోదా అన్న వాదన కూడా చాలాచోట్ల పరీక్షకు వచ్చింది. కొన్నిచోట్ల కారణం భద్రత. 1991లో లండన్ విక్టోరియా స్టేషన్‌లోనూ, 1993లో ఇంగ్లండ్‌లోని వారింగ్టన్ పట్టణంలోనూ కుండీల్లో దాచిన బాంబులు ప్రాణాలు తీశాక బ్రిటన్ రైల్వే స్టేషన్ల నుంచి కుండీలు మాయమయ్యాయి. 1995లో టోక్యో మెట్రోలో సారిన్ అనే విషవాయువుతో జరిగిన దాడి తరువాత అక్కడి స్టేషన్లలో, అదే ఏడాది పేలుళ్ల తరువాత పారిస్ వీధుల్లో అలాంటి జాగ్రత్తలే వచ్చాయి. పారిస్‌లో లోపలిది కనిపించేలా పారదర్శకమైన సంచులు తగిలించారు. దక్షిణ కొరియాలో కారణం వేరు. 1995 జనవరి నుంచి ఇంటి చెత్తకు పరిమాణాన్ని బట్టి రుసుము కట్టవలసి రావడంతో కొందరు దాన్ని వీధి కుండీల్లో పడేయసాగారు, దాంతో సియోల్‌లో వీధి కుండీల సంఖ్య తగ్గించారు. న్యూయార్క్ సబ్‌వేలో 2011లో కొన్ని స్టేషన్ల నుంచి కుండీలు తీసి చూశారు, ఎలుకలు తగ్గాయా అన్న చర్చ ఏళ్ల పాటు నడిచింది, చివరికి 2017లో ఆ ప్రయోగాన్ని విరమించారు. భారతదేశంలో 2016 నియమాలు ఇంటింటి సేకరణకూ ఇంటి దగ్గరే మూడు రకాలుగా వేరుచేయడానికీ పట్టుబట్టాక, కుండీలు లేని పట్టణం అనిపించుకోవడమే చాలా స్థానిక సంస్థలకు లక్ష్యమైంది. బండి రోజూ వేళకు వచ్చే వీధిలో ఇది నడుస్తుంది. బండి రాని రోజున, లేక అది వచ్చే వేళకు ఇంట్లో ఉండని కుటుంబాలకు, కుండీ ఉండిన ఆ పాత మూలే మళ్లీ కుండీ అవుతుంది, ఈసారి మూత కూడా లేకుండా.

చోటు తగాదాను చట్టం ఎంత దూరం తీసుకెళ్లగలదో చూడాలంటే నెదర్లాండ్స్‌ను చూడాలి. అక్కడ చాలా పట్టణాల్లో పెద్ద డబ్బాలను భూమిలో దింపి, పైకి చెత్త వేసే నోరు మాత్రమే కనిపించేలా పెడతారు. క్రేన్‌తో పైకి లాగి ఖాళీ చేయాలి కాబట్టి పైన తీగలు, కింద పైపులు, కేబుళ్లు లేని చోటు వెతకాలి, ఇంటి నుంచి నడిచే దూరం కూడా ఒక హద్దు దాటకూడదు. మునిసిపాలిటీ ప్రతి చోటునూ పటంలో గుర్తించి ముందుగా ప్రకటిస్తుంది, నివాసులు అభ్యంతరాలు చెప్పుకోవచ్చు, అప్పటికీ సమ్మతం కాకపోతే దేశంలోని అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం దాకా వెళ్లవచ్చు. నిజంగానే వెళుతున్నారు కూడా. అడగడానికి ఒక దారి, వినడానికి ఒక వేదిక, కారణం రాసివ్వవలసిన బాధ్యత ఉండడం ఎంతో మెచ్చుకోదగ్గ సంగతి. కానీ ఆ న్యాయస్థానం సాధారణంగా ఒక గీత గీస్తుంది. చోటు తగినదా కాదా అన్నది తన ముందున్న ప్రశ్న అనీ, డబ్బా పక్కన జనం సంచులు వదిలిపెట్టడం నిఘాకూ అమలుకూ సంబంధించిన విషయమనీ, దాన్నిబట్టి చోటు తప్పని అనలేమనీ చెబుతుంది.

న్యాయశాస్త్రం లెక్కన ఆ గీత సబబే కావచ్చు. ఆ డబ్బాకు ఎదురుగా ఉండేవాళ్ల జీవితంలో మాత్రం ఆ గీత లేదు. వాళ్లకు చోటు, ఖాళీ చేసే వేళ, పక్కన పడిన సంచి ఒకే ఇబ్బంది. స్థల నిర్ణయపు పత్రంలో కుండీ ఎక్కడ ఉండాలో మీటర్ల లెక్కన ఉంటుంది. ఎన్ని రోజులకోసారి ఖాళీ చేయాలి, చుట్టుపక్కల నేలను ఎవరు ఊడవాలి, మూత విరిగితే ఎన్నాళ్లలో మార్చాలి అన్నవి చాలాచోట్ల స్థానిక సంస్థకూ గుత్తేదారుకూ మధ్య కుదిరిన ఒప్పందంలో ఉంటాయి. ఆ ఒప్పందంలో వీధివాళ్లు పక్షం కారు, దాని ప్రతి కూడా మామూలుగా వాళ్ల చేతికి రాదు. పొరుగువాళ్లు మాట్లాడుకోవడానికి, వాదించుకోవడానికి వాళ్ల ముందు మిగిలేది పటంలోని ఆ చుక్క ఒక్కటే.